వదిన చూసిన గాజు పలక

ఆ సబ్బుల ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలావాడి నుంచి పై అంతస్తులో సంతకాలు పెట్టే పెద్దాయన దాకా అందరికీ ఆవిడ వదినే. ఆవిడది పెద్దాయన కూతురి వయసు. అయినా సరే, ఫోనెత్తితే "ఒకసారి వదినని పైకి రమ్మనండి" అనేవాడు. ఈ వరస ఎక్కడ మొదలైందంటే, ఆవిడ మరిది అదే ఫ్యాక్టరీలో, సబ్బు నీళ్ళు కలిపే షెడ్డులో, ట్యాంకు మీద పని చేసేవాడు. ఏ చిన్న పనున్నా ల్యాబు కిటికీ దగ్గరికొచ్చి "వదినా!" అని కేకేసేవాడు. ఆ కేకకి షెడ్డూ క్యాంటీనూ కూడా అలవాటు పడిపోయాయి. కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఆవిడకి ఉండేదన్న సంగతి జీతం చీటీ రాసేవాడికి తప్ప మరెవరికీ గుర్తులేదు.

ఆవిడది చీకటి గది ఉద్యోగం. ల్యాబు చివర చిన్న గది, కిటికీకి నల్ల గుడ్డ, బల్ల మీద ఒక మైక్రోస్కోపు. పొద్దున్న వెళ్ళి అందులో కూర్చుంటే మళ్ళీ భోజనాల వేళకే బయటికి రావడం, కళ్ళు చిట్లించుకుంటూ. "అంతసేపు ఏం చూస్తావమ్మా?" అని పక్కింటి ముసలావిడ అడిగింది ఒకసారి. "సబ్బు చూస్తానండీ" అంది. "సబ్బులో చూడ్డానికేముంది?" అని ముసలావిడ బుగ్గలు నొక్కుకుంది. మొదట్లో వదిన ఓపిగ్గా చెప్పబోయేది. తర్వాత్తర్వాత "ఏముందండీ, నురగే" అని ఊరుకోవడం నేర్చుకుంది.

కానీ ఉంది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు మొదట నీళ్ళలా ఉండవు. చిక్కటి పేస్టు డ్రమ్ముల్లో వస్తుంది. దాన్ని నీళ్ళలో కలిపితే మనం సీసాలో కొనుక్కునే సరుకు. ఈ పేస్టుకి ఒక వంకర బుద్ధి ఉంది. దేన్లో అయినా నీళ్ళు పోస్తే పల్చబడాలి కదా? దీని మీద కాసిని నీళ్ళు పోస్తే గట్టిపడుతుంది. పేస్టుగా ఉన్నప్పుడు లోపలి అణువులు మడతపెట్టిన బట్టల్లా పొరలు పొరలుగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారతాయి. కొంచెం నీళ్ళు తగిలితే పొరలు పోయి, కట్టగట్టిన పుల్లల్లా పక్కపక్కన బిగుసుకుంటాయి. ఇంకా బోలెడు నీళ్ళు పడితే తప్ప ఆ కట్ట విడదు. అందుకే షెడ్డు గోడ మీద గజమెత్తు అక్షరాలతో రాసిపెట్టారు: నీళ్ళలో పేస్టు, పేస్టులో నీళ్ళు కాదు. ముందు ట్యాంకులో నీళ్ళు పట్టాలి, పక్కనున్న గేజీ గొట్టంలో మట్టం గీత దాకా ఉండాలి, ఆ తర్వాతే పేస్టుని కొద్దికొద్దిగా వదలాలి. తొందరపడి తిరగేశారా, గడ్డలు కడుతుంది. తిప్పే గరిట ఆగిపోతుంది, మోటారు కాలిపోతుంది.

పొరలున్నాయా, కట్టలున్నాయా, రెండూ లేక ఉత్త సబ్బు నీళ్ళా అన్నది వదిన చూసి చెప్పాలి. ఆ మైక్రోస్కోపులో దీపం వెలుతురు రెండు ప్రత్యేకమైన అద్దాల్లోంచి రావాలి. ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెడితే మొదటిది పోనిచ్చిన వెలుతుర్ని రెండోది ఆపేస్తుంది, అంతా నలుపే. మధ్యలో ఉత్త సబ్బు నీళ్ళు పెట్టినా నలుపే. పొరలో కట్టలో ఉంటే మాత్రం అవి వెలుతుర్ని మెలితిప్పుతాయి, నలుపులోంచి బొమ్మలు లేస్తాయి. కట్టలైతే విప్పిన విసనకర్రలు. పొరలైతే చిన్న చిన్న ప్లస్ గుర్తులు, నూనె మరకల్లాంటి చారలు. వాటికి పుస్తకాల్లో పెద్ద పేర్లున్నాయి. ల్యాబులో మటుకు విసనకర్రలూ ప్లస్సులే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రెండు గాజు పలకల మధ్య చుక్కంత సరుకు పెట్టి చూస్తారు. దీపం వేడికి పలకల అంచు చుట్టూ తడి ఆరిపోతుంది. తడి ఆరితే సరుకు చిక్కబడుతుంది, లేని బొమ్మలు వస్తాయి. అందుకని వదిన పలక పెట్టగానే నాలుగు అంచులా గోళ్ళరంగు పూసి మూసేసేది. ఫ్యాక్టరీ డబ్బుతో గోళ్ళరంగు కొనే ల్యాబు లోకంలో మరోటుందో లేదో తెలీదు గానీ, స్టోర్సాయన మటుకు సీసా ఇచ్చేటప్పుడల్లా "ఈసారి ఏ రంగు చీర మీదికమ్మా?" అని అడగందే ఇచ్చేవాడు కాదు. వదిన గోళ్ళకి ఆ రంగు ఎన్నడూ అంటలేదు. పలకలకి మటుకు పెళ్ళికూతుళ్ళంత సింగారం.

ఇక మరిది సంగతి. ఆవిడ కాపురానికొచ్చేసరికి వాడు బొడ్డూడని వెధవ. తల్లి లేదు. ఇంటాయన దర్జీ, పగలూ రాత్రీ మిషను తొక్కడమే. పిల్లవాడికి తల దువ్వడం, ముక్కు తుడవడం, బడికి తోలడం అన్నీ వదిన నెత్తినే పడ్డాయి. వాడు పెరిగాడు. పెద్దయినా వదిన నోట చిన్నోడే. వాడికున్న ఒకే ఒక్క రోగం కోతలు కోయడం. వీధి చివర తాబేలంత కప్పని చూశానంటాడు. బస్సు బ్రేకులు పోతే తను కాలడ్డం పెట్టి ఆపానంటాడు. షెడ్డులో వాడికి కోతలరాయుడని పేరు. భోజనాల దగ్గర వాడు లేకపోతే ఎవరికీ ముద్ద దిగదు, వాడు చెప్పింది మాత్రం ఎవరూ నమ్మరు. ఆ ఉద్యోగం కూడా వదిన పూచీ మీద దొరికిందే. "మా ఇంటి పిల్లాడండీ, పని దొంగ కాదు" అని ల్యాబు సారుతో ఆవిడే చెప్పింది.

ఆ రోజు పొద్దున్నుంచీ చిన్నోడు హుషారుగా ఉన్నాడు. సాయంత్రం పక్క ఫ్యాక్టరీ వాళ్ళతో బంతాట. "ఇవాళ ట్యాంకు తొందరగా తేల్చేసి వెళ్ళిపోతాను, నేను లేకపోతే మనవాళ్ళు ఓడిపోతారు" అని షెడ్డంతా దండోరా వేశాడు. భోజనాలకి ముందే పెద్ద ట్యాంకు మూలిగింది. గరిట ఆగింది. మోటారు దగ్గర్నుంచి కాలిన వాసన. మూత ఎత్తి చూస్తే లోపల సబ్బు నీళ్ళు లేవు, తెల్లగా బిగుసుకుపోయిన ముద్ద ఉంది.

షెడ్డు మేస్త్రీకి ఆలోచించే పనే లేకపోయింది. "తొందరలో పేస్టు ముందు పోసి పైన నీళ్ళు కొట్టాడు. ఇంకేముంది!"

"లేదు మేస్త్రీ. నీళ్ళే ముందు పట్టాను. గేజీ గొట్టంలో గీత దాకా ఉన్నాయని చూశాకే పేస్టు వదిలాను" అన్నాడు చిన్నోడు.

"ఆ బస్సు ఆపింది కూడా ఇలాగేనా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. వాడొక్కడే నవ్వలేదు.

మేస్త్రీ ఒక స్టీలు గిన్నెలో ముద్ద వేసుకుని తిన్నగా చీకటి గదికొచ్చాడు. పేస్టు మీద నీళ్ళు పోస్తే గడ్డ లోపల పేస్టు పేస్టుగానే మిగిలిపోతుంది, పైన మాత్రం కట్టలు కడుతుంది. అంటే ఒకే ముక్కలో విసనకర్రలూ ప్లస్సులూ రెండూ కనిపించాలి. నీళ్ళే ముందు పోసి ఉంటే అంతటా ఒకటే ఉండాలి. వదిన చూసి చెబితే ఇక తిరుగులేదు. తేలితే మోటారు కాల్చినందుకు వాణ్ణి పనిలోంచి తీసేస్తారు.

వదిన ముక్క కోసి పలక మీద పెట్టింది, పైన పల్చటి గాజు మూసింది. మేస్త్రీ తలుపు దగ్గరే నిలబడి ఏకరువు పెడుతున్నాడు. ఎప్పుడెప్పుడు వాడు ఆలస్యంగా వచ్చాడు, ఎప్పుడు పని మధ్యలో కబుర్లు చెప్పాడు, అన్నీ. వదినకి ఒళ్ళు మండిపోతోంది. మేస్త్రీ మీద కాదు, చిన్నోడి మీద. పూచీ ఉన్నది తను. తల కొట్టేసినట్టయింది. దీపం వెలుగుతూనే ఉంది, పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. గోళ్ళరంగు సీసా చేతికందే దూరంలోనే ఉంది. ఆవిడ చెయ్యి అటు వెళ్ళలేదు.

మేస్త్రీ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడ కన్ను ఆనించింది. పలక కొంచెం జరిపింది. విసనకర్రలు. ఇంకొంచెం జరిపింది. ప్లస్సులు, వాటి పక్కన నూనె చారలు. చూడ్డం అక్కడితో ఆపేసింది.

అప్పటికి ల్యాబు సారు కూడా వచ్చాడు. నెమ్మదైన మనిషి. "ఏమ్మా?" అన్నాడు.

"రెండూ ఉన్నాయండీ. లోపల పేస్టు అలాగే ఉంది. నీళ్ళు పైనించే పోశారు."

"ఇంకో పలక పెట్టి చూస్తావా? మీ పిల్లాడు కదా, నిదానంగా చూడు."

"మావాడైనంత మాత్రాన దాచిపెడతానా సార్? అక్కర్లేదు" అంది వదిన.

ఈ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం ఉంది. ఉండదూ? అయినవాణ్ణి కూడా వదలకుండా ఉన్నమాట చెప్పే మనుషులు ఎంతమంది? మేస్త్రీ అక్కడే మెచ్చుకున్నాడు. భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురొచ్చి "మనిషంటే మీరండీ" అన్నారు. ఆ పొగడ్త చెవికి తియ్యగానే ఉంది. అయినా అన్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు కెలికి, మళ్ళీ మూసేసింది.

చిన్నోడు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఈసారి కేకెయ్యలేదు.

"వదినా, నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

"సరే అయితే" అన్నాడు. అంతే. రబ్బరు బూట్లు షెడ్డు గుమ్మంలో విడిచిపెట్టి గేటు దాటి వెళ్ళిపోయాడు. వాదించి ఉంటే, అరిచి ఉంటే ఆవిడకి కొంత తేలికగా ఉండేది. తప్పు దొరికినవాడు అలాగే పోతాడులే అని తనకి తనే చెప్పుకుంది.

సాయంత్రం బల్ల సర్దుతూ పలకలు కడగడానికి తీసింది. ఆ పలక కూడా చేతిలోకి వచ్చింది. పారేసే ముందు ఎందుకో మళ్ళీ దీపం కింద పెట్టింది. కన్ను ఆనించి అలాగే ఉండిపోయింది. ప్లస్సులు ఇందాక ఉన్నచోట లేవు. ఇందాక అంచున సన్నటి పట్టీలా ఉన్నవి ఇప్పుడు పలక మధ్య దాకా నడిచి వచ్చేశాయి. విసనకర్రలు నడుమ ఒక చిన్న దీవిలా మిగిలాయి.

ట్యాంకులోంచి వచ్చిన పేస్టయితే ఉన్నచోటే ఉంటుంది. ఇలా నాలుగు అంచుల నుంచీ లోపలికి నడిచి రాదు. అది ట్యాంకు చెప్పిన మాట కాదు. తన దీపమూ తన ఫ్యానూ కలిసి ఆరబెట్టిన మాట. ఏళ్ళ తరబడి ప్రతి పలకకీ పూసిన రంగు ఈ ఒక్క పలకకి పూయలేదు. అంచున ప్లస్సులు కనబడితే మధ్యకి వెళ్ళి చూడాలని కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది తనే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆవిడ కన్ను బాగానే ఉంది. కామెర్లు అంతకంటే లోపల ఉన్నాయి.

ల్యాబులో తూకాలు వేసే ఆవిడ సంచి భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరుతోంది. వదిన దగ్గరే పని నేర్చుకున్న మనిషి. "ఏమైందండీ, ఆ ముఖమేమిటి?" అంది.

"కాస్త ఆగమ్మా. నాతో షెడ్డుకి రా" అంది వదిన.

ఇద్దరూ ట్యాంకు ఎక్కి పైనుంచి, నడుమ నుంచి, గోడ పక్క నుంచి ముద్ద తీసుకొచ్చారు. వదిన పలకలు పెట్టి వెంటనే గోళ్ళరంగు అందుకుంది. తొందరలో రంగు బల్ల మీద కారింది. తూకాలావిడ సీసా తీసుకుని తనే పూసింది. ఒక్కో పలకా ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. అన్నింట్లోనూ విసనకర్రలే. ప్లస్సన్నది మచ్చుకి కూడా లేదు. చిన్నోడు నీళ్ళే ముందు పోశాడు.

మరి ముద్ద ఎందుకైంది? నీళ్ళు చాలక అయింది. ల్యాబు సారు ఫిట్టర్ని పిలిపించి ట్యాంకు పక్కనున్న గేజీ గొట్టం విప్పించాడు. అడుగున పాత సబ్బు గడ్డకట్టి గొట్టం మూసుకుపోయింది. ఎప్పటి నీళ్ళో ఏమో, గీత దగ్గర అలాగే నిలబడి ఉన్నాయి. చిన్నోడు గీత చూశాడు, నిండిందనుకున్నాడు. ట్యాంకులో మూడో వంతు కూడా లేవు. గీత చూపించినంత నీళ్ళకి సరిపడా పేస్టు వదిలాడు. ఆ గేజీ మీద నమ్మకంతో ఎవరు నిలబడినా అదే జరిగేది.

"నేనే తప్పు చూశాను సార్" అంది వదిన.

"పోనీలేమ్మా. నువ్వు కాబట్టి మళ్ళీ చూశావు" అన్నాడు సారు. ఆయన మంచికే అన్నాడు. ఆ మంచిమాట ఆవిడకి మధ్యాహ్నపు పొగడ్త కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన పైకి ఫోన్ చేసి మాట్లాడి, పిల్లాణ్ణి రేపు పనిలోకి రమ్మని చెప్పమని ఆవిడతో అన్నాడు. మేస్త్రీ తల గోక్కుంటూ, "నేను మాత్రం ఏమనుకుంటానండీ, మీరే చెప్పారాయె" అన్నాడు. అదీ నిజమే.

బస్సులో కూర్చున్నాక ఆవిడకి ఒక సంగతి తట్టింది. చిన్నోడి కోతలన్నీ వరసగా గుర్తు చేసుకుంది. కప్ప, బస్సు, ఇంకా వంద. వాటిలో తప్పించుకోవడానికి చెప్పింది ఒక్కటి లేదు. అన్నీ గొప్ప కోసం, నవ్వు కోసం. చిన్నప్పుడు వాళ్ళ అన్న మిషను సూది విరగ్గొట్టినా, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న అద్దం పగలగొట్టినా, ఎవరూ అడక్కముందే వచ్చి "నేనే వదినా" అని నిలబడేవాడు. దెబ్బలు తినేవాడు గానీ బొంకేవాడు కాదు. ఇది లోకానికి తెలియదు. ముక్కు తుడిచి పెంచిన తనకి తెలియాలి. తెలిసి కూడా మేస్త్రీ పక్కన నిలబడింది. ఆవిడకి బస్సులోనే ఏడుపొచ్చింది, పక్కసీటు మనిషి జరిగి కూర్చున్నాడు.

ఇంటికెళ్ళేసరికి ముందు గదిలో ఇంటాయన మిషను టకటకలాడుతోంది. చిన్నోడు ఆటకి వెళ్ళలేదు. వెనక గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అన్నకి ఏమీ చెప్పలేదని ఇంటాయన ముఖం చూడగానే తెలిసింది.

వదిన చెప్పులు కూడా విడవకుండా వెళ్ళి వాడి పక్కన కూలబడింది. గేజీ గొట్టం సంగతి, ఎండిన అంచు సంగతి, రంగు పూయని సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. "రేపు పనిలోకి రమ్మన్నారురా" అంది.

వాడు అంతా విన్నాడు. "సరే వదినా" అన్నాడు.

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు. పలక చూశాక కాదు నువ్వు నమ్మనిది. ముందే నమ్మలేదు. అందుకే రంగు పూయలేదు. కాదంటావా?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. మేస్త్రీ వాగుడు, దీపం వేడి, పని ఒత్తిడి, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. వదిన మింగేసింది. "కాదనన్రా. ముందే నమ్మలేదు" అంది.

"సాయంత్రం ఆ పలక కడిగేసి ఉంటే?"

"బతికున్నంత కాలం నిన్ను తొందరగాడివనే అనుకునేదాన్ని. అబద్ధాలకోరువనే అనుకునేదాన్ని."

వాడు తలూపాడు. తిట్టలేదు, ఏడవలేదు. "నేను పనిలోకి వస్తాను. నాకు నువ్వు ఎప్పటి వదినవే. కానీ వదినా, ఇంక నా ట్యాంకు సరుకు నువ్వు చూడొద్దు. తూకాలావిడ చేత చూపించు. ఆవిడకి నా సంగతి ఏమీ తెలీదు" అన్నాడు.

ఆవిడ సరేనంది. మర్నాడే ల్యాబు సారుకి చెప్పింది. ఆయన ఎందుకని అడగలేదు.

ఇది జరిగి చాన్నాళ్ళయింది. చిన్నోడికి పెళ్ళయి పక్క వీధిలో కాపురం పెట్టాడు. సెలవు రోజున వచ్చి వదిన చేతి అన్నం తింటాడు, కప్పని ఇప్పుడు కుక్కంత చేసి చెబుతాడు, ఆవిడ పడీ పడీ నవ్వుతుంది. ఫ్యాక్టరీలో ఏ ట్యాంకులో ఏ తేడా వచ్చినా ఇవాళ్టికీ అందరూ చీకటి గదికే పరిగెత్తుతారు, వదిన చూసిందంటే చూసినట్టే. చిన్నోడు పనిచేసే పెద్ద ట్యాంకు నుంచి గిన్నె వచ్చినప్పుడు మాత్రం ఆవిడ నోరెత్తకుండా కుర్చీ లోంచి లేస్తుంది. తూకాలావిడ కూర్చుంటుంది. వదిన బయటికొచ్చి గోడకి ఆనుకుని, లోపల్నుంచి ఏం చెబుతారా అని పరాయివాళ్ళలా నిలబడుతుంది.